గాలులకు పటము గీసిన ఎడ్మండ్ హేలీ

ఓడలు తెరచాపలతో నడచిన దినములలో గాలియే నావికునకు ఎడ్లజత. అది లాగినంత దూరము పయనము సాగును. అది నిలిచిన చోట ఓడయు నడిసముద్రమున నిలిచిపోవును. అట్లు వారముల తరబడి కదలక నిలిచిన ఓడలలో మంచినీరు తరిగి, రొట్టెలు పురుగుపట్టి, నావికులు రోగములపాలగుచుండిరి. ఏ సముద్రమున, ఏ నెలలో, ఏ దిక్కునుండి గాలి వీచునో ముసలి సరంగులు ఎరుగుదురు. శాతవాహనుల నాణెములపై రెండు కొయ్యల ఓడ బొమ్మ కానవచ్చును. సముద్రయానము చేసిన ఆనాటి తెలుగువారికిని ఋతువుల గాలుల మర్మము తెలిసియే యుండవలెను. కాని ఆ తెలివి యంతయు నావికుల నాలుకపైననే యుండెను. ఒకనినుండి మఱియొకడు విని నేర్చుకొనుటయే గాని, దానిని ఒక్క చోట జేర్చి, కన్నులకు గట్టునట్లు చూపినవారు లేరు.

1492లో కొలంబసు కానరీ దీవులనుండి పడమటికి సాగినప్పుడు, అతని ఓడలను తూర్పునుండి వీచు గాలి యెడతెగక తోసికొనిపోయెను. నావికులకు అది మొదట సంతోషమే. కాని దినములు గడచినకొలది వారికి భయము పుట్టెను. ఈ గాలి ఎల్లప్పుడును ఇట్లే వీచినచో తాము తిరిగి స్పెయిను దేశము చేరుట యెట్లని వారు కలవరపడిరి. మఱుసటి సంవత్సరము కొలంబసు ఉత్తరమునకు జరిగి, అచట పడమటినుండి వీచు గాలులను పట్టుకొని యింటికి చేరెను. సముద్రముపై పోవుటకు ఒక గాలిబాటయు, వచ్చుటకు మఱియొక గాలిబాటయు కలవని దీనివలన తెలిసినది. ఆ బాటలన్నిటిని ఒక కాగితముపై గీసి లోకమునకు చూపినవాడు, నూట అరువది యేండ్లకు పైగా గడచిన పిమ్మట పుట్టిన ఎడ్మండ్ హేలీ. అతని పేరు వినగానే అందఱికిని తోకచుక్క జ్ఞప్తికి వచ్చును. గాలుల విషయమున అతడు చేసిన పని అంత ప్రసిద్ధము గాదు.

హేలీ నేటి పంచాంగము ననుసరించి 1656 నవంబరు 8వ తేదీన లండను నగర సమీపమున హాగర్‌స్టన్ అను పల్లెలో జన్మించెను. తండ్రి సబ్బుల వర్తకుడు, ధనవంతుడు. కుమారునకు ఆకాశమును చూచు వేడుక చిన్ననాడే కలుగుట గమనించి, అతడు పరికరములను కొనిచ్చుటకు వెనుదీయలేదు. 1673లో హేలీ ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చదువబోవుచు, ఇరువదినాలుగు అడుగుల పొడవుగల దూరదర్శినిని వెంట గొనిపోయెనట! మూడేండ్లు చదివెను గాని పట్టమునకై వేచియుండలేదు. ఉత్తరదేశములలో కనబడు నక్షత్రముల పట్టికలు పెక్కు తయారగుచుండెను. దక్షిణాకాశపు నక్షత్రములను దూరదర్శినితో కొలిచి వ్రాసినవారు లేరు. ఆ పని తానే చేయుదునని అతడు పూనుకొనెను. అప్పటి కతనికి ఇరువది యేండ్లు.

ఇంగ్లండు రాజైన రెండవ ఛార్లెసు ఈస్టిండియా కంపెనీవారికి హేలీని గూర్చి లేఖ వ్రాసెను. తండ్రి ఏటికి మూడు వందల పౌనులు ఇచ్చుట కంగీకరించెను. 1676 నవంబరులో హేలీ యూనిటీ యను కంపెనీ ఓడ నెక్కి సెయింట్ హెలీనా ద్వీపమునకు పయనమయ్యెను. ఆ ద్వీపము దక్షిణ అట్లాంటిక్ సముద్రమున, భూమధ్యరేఖకు దక్షిణముగా పదియాఱు డిగ్రీల దూరమున ఒంటరిగా నున్నది. తరువాతి కాలమున నెపోలియనును బంధించి యుంచినది ఈ ద్వీపముననే. ఇండియానుండి మరలివచ్చు కంపెనీ ఓడలు అచట ఆగి మంచినీరు పట్టుకొనుచుండెడివి. ప్రయాణము సుమారు మూడు నెలలు పట్టెను. ఆ మూడు నెలలును ఓడపైనున్నవారికి గాలిని గూర్చిన మాటయే మాట. ఈశాన్యపు గాలి ఎచట దొరకును, అది ఎచట విడిచిపోవును, భూమధ్యరేఖకడ ఎన్ని దినములు నిలిచిపోవలసివచ్చును, దాని నావల ఆగ్నేయపు గాలి ఎప్పుడు తగులును - ఇవియే వారి చింతలు. నక్షత్రములకై బయలుదేరిన యువకుడు ఈ మాటలన్నియు చెవినిడి వినెను.

ద్వీపమున అతడు ఎత్తైన కొండపై తన పరికరములను నిలిపెను. ఆకాశమునకు దగ్గరగా నుండుట మేలని తలచెను గాని, ఆ కొండ అతనిని మోసగించెను. సముద్రముమీదుగా వచ్చు ఆగ్నేయపు గాలి కొండను తాకి పైకెక్కి చల్లబడగా, దానిలోని ఆవిరి మబ్బై శిఖరమును కప్పుచుండెను. మబ్బు లేని రాత్రులలో మంచు కురియుచుండెను. పావుగంటలో సగము సేపు గడచునప్పటికి దూరదర్శిని అద్దము నీటిబొట్లతో మసకబారెడిది. తుడిచి మరల చూడవలసి వచ్చెడిది. వ్రాసికొను కాగితము తడిసి సిరా నిలువకుండెడిది. ఇన్ని చిక్కులలో ఒక సంవత్సరముపాటు అచట నుండి, అతడు 341 నక్షత్రముల స్థానములను నిర్ణయించెను. 1677లో సూర్యబింబము మీదుగా బుధగ్రహము సాగిపోవుటను ఆద్యంతము చూచెను. తన పనికి అడ్డము వచ్చిన ఆ గాలిని, ఆ మబ్బును అతడు తిట్టుకొని ఊరకుండలేదు. అవి యెట్లు పుట్టుచున్నవని యోచించెను. సముద్రజలము ఆవిరియై, గాలితో సాగి, కొండలపై నీరై, నదులై తిరిగి సముద్రమును చేరు విధమును గూర్చి అతడు తరువాత వ్రాసిన వ్యాసమునకు మూలము ఆ తడిసిన కాగితములే.

1678లో అతడు ఇంగ్లండునకు మరలివచ్చెను. ఆ యేడే ఆక్స్‌ఫర్డువారు రాజాజ్ఞపై అతనికి పట్టమిచ్చిరి. రాయల్ సొసైటీ అను పండితపరిషత్తు ఇరువదిరెండేండ్ల ఆ యువకుని తన సభ్యునిగా గైకొనెను.

గాలులను గూర్చిన అతని వ్యాసము 1686లో రాయల్ సొసైటీ పత్రికయందు వెలువడెను. తాను స్వయముగా చూచినదానికి, ఉష్ణమండల సముద్రములలో తిరిగిన నావికులు చెప్పినదానిని జోడించి అతడు దానిని వ్రాసెను. వ్యాసముతోపాటు ఒక పటమును ముద్రించిరి. గాలుల గతిని తెలుపు పటములలో లోకమున అదియే మొదటిదని చెప్పుదురు.

ఇచట ఒక చిన్న విషయము తెలిసికొనవలెను. గాలికి పేరు అది పోవు దిక్కునుబట్టి గాక, వచ్చు దిక్కునుబట్టి పెట్టుట ఆచారము. మన పల్లెలలో తూర్పుగాలి యన్న తూర్పునుండి వచ్చునది. పడమటిగాలి యన్న పడమటినుండి వచ్చునది. శాస్త్రమునందును అంతే. కావున ఈశాన్యపు గాలి ఈశాన్యమున బయలుదేరి నైరృతికి పోవును. దీనిని ఏమఱినవారు పటమును చూచి తికమకపడుదురు. హేలీ ఆ చిక్కును తొలగించుటకు ఒక యుపాయము పన్నెను. సముద్రముపై గాలి సాగు త్రోవవెంట చిన్నచిన్న గీతలను వరుసలుగా గీసెను. ప్రతి గీతకును ఒక కొన సూదివలె సన్నగా నుండును. ఆ సన్నని కొన ఏ వైపునకు చూపునో గాలి ఆ వైపునుండి వచ్చుచున్నదని యర్థము. ఆఱు నెలలొక దిక్కునుండియు, ఆఱు నెలలెదురు దిక్కునుండియు గాలి వీచు సముద్రములలో, ఒక వరుస ముందునకు, మఱియొక వరుస వెనుకకు చూపుచుండును. అట్టిచోట గీతలు దట్టముగా నుండుటచే ఋతుపవనముల ప్రదేశము దూరమునుండియే తెలిసిపోవును. చదువురాని నావికుడు సైతము గ్రహింపదగిన ఉపాయమిది.

ఆ పటమును బట్టి చూచిన, భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు ముప్పది డిగ్రీల వఱకు ఈశాన్యపు గాలియు, దక్షిణమున అంతే దూరము వఱకు ఆగ్నేయపు గాలియు ఏడాది పొడుగున వీచుచున్నవి. వీనినే వ్యాపార పవనము లందుము. ట్రేడ్ అను ఇంగ్లీషు మాటకు నేడు వ్యాపారమని యర్థము చెప్పుచున్నారు గాని, పూర్వము దానికి త్రోవ యని యర్థముండెను. ఒకే త్రోవను విడువక నడచు గాలి యగుటచే దానికి ఆ పేరు వచ్చినది. వర్తకుల ఓడలకు అది తోడ్పడుటచే తరువాతివారు రెండవ యర్థమునే పట్టుకొనిరి. తెలుగున ఏర్పడిన పేరును ఆ రెండవ యర్థమునకు తగినదే.

ఈ రెండు గాలులకు నడుమ, ఆఫ్రికాకు పడమట, భూమధ్యరేఖకు ఉత్తరముగా నాలుగు మొదలు పది డిగ్రీల వఱకు ఒక సముద్రభాగమును హేలీ ప్రత్యేకముగా వర్ణించెను. అచట గాలి చచ్చినట్లుండును. ఉరుములు, మెఱుపులు, వానలు మాత్రము విడువవు. దానికి నావికులు వానలు అనియే పేరుపెట్టిరి. తెరచాపలు వ్రేలాడబడి, ఓడ అద్దమువంటి నీటిపై కదలక నిలుచుట ఇచటనే. గినీ తీరమున గాలి వ్యాపార పవనమువలె గాక, సముద్రమునుండి భూమివైపునకు దక్షిణముగను, నైరృతిగను వీచునని అతడు చూపెను. మన హిందూ మహాసముద్రమున ఏప్రిలు మొదలు అక్టోబరు వఱకు నైరృతి పవనమును, అక్టోబరు మొదలు ఏప్రిలు వఱకు ఈశాన్య పవనమును వీచుననియు వ్రాసెను. మచిలీపట్టణమున 1611లోనే ఆంగ్లేయులు వర్తకశాల నెలకొల్పియుండిరి. అచటికి వచ్చి పోవు ఓడలకు ఈ ఆఱేసి నెలల లెక్క ప్రాణముతో సమానము. ఋతువు తప్పిన ఓడకు ఎదురుగాలియే గతి. పసిఫిక్ మహాసముద్రమును గూర్చి అతనికి తగినంత సమాచారము దొరకలేదు. మెక్సికోనుండి మనీలాకు స్పెయిను ఓడలు పోవుచుండెను గాని, అవి ఒకే బాటను పట్టి పోవునవి. తెలియనిదానిని ఊహించి గీయుట కతడు ఒప్పుకొనలేదు.

దిక్కులను చూపిన పిమ్మట కారణమును చెప్పబూనెను. సూర్యుని వేడిమికి భూమధ్యరేఖకడ గాలి తేలికయై పైకి లేచును. ఆ చోటును నింపుటకు రెండు ప్రక్కలనుండి చల్లని బరువైన గాలి వచ్చును. పైకి పోయిన గాలి పైపైన మరల వెనుకకు సాగును. కాకినాడ, భీమునిపట్టణముల వారికి ఇది సుబోధము. ఎండకు నేల కాగిన దినమున సాయంకాలమునకు సముద్రపుగాలి చల్లగా వచ్చుట వారెరిగినదే గదా! వేసవిలో ఆసియా ఖండపు నేల కాగుటచే సముద్రమునుండి ఋతుపవనము వచ్చుననియు అతడు చెప్పెను. ఇంతవఱకు అతని మాట సరియైనదే.

కాని ఒక ప్రశ్న మిగిలెను. చల్లగాలి ఉత్తరమునుండి తిన్నగా దక్షిణమునకు రావలెను గదా. అది తూర్పుగా తొలగి ఈశాన్యమునుండి ఏల వచ్చుచున్నది? సూర్యుడు దినదినము తూర్పునుండి పడమటికి సాగుచుండుటచే, మిక్కిలి కాగిన చోటును అట్లే పడమటికి జరుగుననియు, గాలి దానిని వెంబడించి పడమటికి పరుగెత్తుననియు హేలీ సమాధానము చెప్పెను. వినుటకు ఇంపుగా నున్నను ఇది పొరపాటు. పటము సరియైనది, కారణములో సగము సరియైనది, తక్కిన సగము తప్పు.

ఆ సంవత్సరములలోనే అతడు చేసిన మఱియొక యుపకారమును లోకము మఱవరాదు. 1684లో అతడు కేంబ్రిడ్జికి పోయి న్యూటనును కలిసికొని, గ్రహగతులను గూర్చి అతడు కనుగొన్న సూత్రములను గ్రంథముగా వ్రాయుమని ప్రోత్సహించెను. గ్రంథము సిద్ధమైనప్పుడు అచ్చువేయుటకు రాయల్ సొసైటీకడ పైకము లేకపోయెను. చేపల చరిత్రను గూర్చిన పెద్ద పుస్తక మొకటి అచ్చువేసి, అది అమ్ముడుపోక, వారు చేతులు కాల్చుకొనియుండిరి. హేలీ తన సొంత పైకముతో న్యూటను గ్రంథమును 1687లో ప్రకటించెను. అప్పుడతడు సొసైటీలో ఏటికి ఏబది పౌనుల జీతముపై ఉద్యోగి. జీతమునకు పైకము లేక, సొసైటీవారు అతనికి ఆ చేపల పుస్తకములనే ఏబది ప్రతులు ఇచ్చిరి!

గాలుల పటము గీసిన పండ్రెండేండ్లకు అతనికి మరల సముద్రముపై పోవు నవకాశము వచ్చెను. దిక్సూచి ముల్లు అన్నిచోట్ల తిన్నగా ఉత్తరమును చూపదు. ఒకచోట తూర్పునకు, మఱియొకచోట పడమటికి తొలగును. ఆ తొలగుటను సముద్రమంతట కొలిచిన, నావికులకు మేలు కలుగునని హేలీ తలచెను. ప్రభుత్వము పారమోర్ అను చిన్న ఓడను కట్టించి, దానికి అతనినే కెప్టెనుగా నియమించెను. నావికాదళమున పెరుగని పండితునకు రాజు ఓడను అప్పగించుట అపూర్వము. 1698 అక్టోబరులో అతడు బయలుదేరెను. అతని క్రిందనున్న లెఫ్టినెంటునకు ఇది గిట్టలేదు. అతడు లోగడ సముద్రయానమును గూర్చి యొక పుస్తకము వ్రాసి పంపగా, పండితులు దానిని మెచ్చుకొనలేదు. ఆ పండితులలో హేలీ యొకడు. ఆ పగను అతడు ఓడపై తీర్చుకొన జూచెను. నావికుల యెదుట కెప్టెనును తక్కువచేసి మాటలాడుచు, ఆజ్ఞలను మీరుచుండెను. తుదకు హేలీ అతనిని గదిలో నిర్బంధించి, తానే ఓడను నడపి, ఇంగ్లండు చేర్చెను. పుస్తకముల పండితునకు ఓడ నడపుట రాదన్న మాటకు అదియే తగిన సమాధాన మయ్యెను.

1699 సెప్టెంబరులో అతడు రెండవమాఱు బయలుదేరెను. ఒక నెల గడచిన పిమ్మట ఓడపైనున్న సేవకబాలుడు కాలుజారి సముద్రమున పడెను. నావికులు ఒక తెడ్డును విసరిరి, ఓడను మరలించిరి, కాని అలలలో బాలుడు దొరకలేదు. ఈ దుఃఖము హేలీని జీవితాంతము విడువలేదు. ఆ సంగతి తలచినప్పుడెల్ల అతని కన్నులు చెమర్చెడివని చెప్పుదురు. నావికులు రోగములతో పదులకొలది మరణించు ఆ కాలమున, అతడు తనవారి ఆరోగ్యమును జాగ్రత్తతో కాపాడెను. తన కన్నులయెదుట పోయిన ఆ ఒక్క ప్రాణమును మాత్రము మఱవలేకపోయెను.

ఓడ దక్షిణమునకు సాగిసాగి, 1700 ఫిబ్రవరి మొదటి దినమున ఏబదిరెండవ డిగ్రీని దాటెను. అచట పాలవలె తెల్లగా, పైభాగము బల్లపరుపుగా నున్న మూడు దీవులు కనబడెను. దగ్గరకు పోయి చూడగా అవి దీవులు గావు, మంచుకొండలు! మఱునాడు దట్టమైన పొగమంచు క్రమ్మెను. మంచుకొండ ఎచట నున్నదో తెలియదు; తోడు రాదగిన ఓడ మఱియొకటి లేదు. తగిలినచో ఒక్కరును మిగులరు. మిక్కిలి ప్రయాసతో ఓడను తప్పించి, అతడు ఉత్తరమునకు మరలెను. పిమ్మట తాను పడుచుదనమున గడిపిన సెయింట్ హెలీనాను తిరిగి చూచి, బ్రెజిలు, బార్బడోసు, బెర్ముడా, న్యూఫౌండ్‌లాండుల మీదుగా ఇల్లు చేరెను. బ్రెజిలు తీరమున అతనిని సముద్రపు దొంగ యని యనుమానించి కొంతసేపు నిర్బంధించిరి. న్యూఫౌండ్‌లాండు కడ బెస్తలు అదే భ్రమతో ఓడపై తుపాకులు కాల్చిరి. 1701లో అతడు ప్రకటించిన అట్లాంటిక్ పటమున, దిక్సూచి సమానముగా తొలగు చోట్లను వంపుగీతలతో కలిపెను. ఆ గీతలను చాలకాలము హేలీ గీతలని పిలిచిరి.

తరువాతి జీవితమును సంగ్రహముగా చెప్పవచ్చును. అతడు ఆక్స్‌ఫర్డులో క్షేత్రగణితాచార్యుడయ్యెను. 1531, 1607, 1682 సంవత్సరములలో కనబడిన తోకచుక్కలు మూడును ఒకటియేననియు, అది 1758లో మరల వచ్చుననియు 1705లో ప్రకటించెను. 1720లో గ్రీనిచ్ వేధశాలకు రాజజ్యోతిష్కుడుగా నియమింపబడెను. చంద్రుని గతి పూర్తిగా ఎరుగుటకు పదునెనిమిదేండ్లు చూడవలెను. అరువదినాలుగేండ్ల వయస్సున ఆ పనికి పూనుకొని, దానిని ముగించెను.

1735లో, హేలీ జీవించియుండగనే, జార్జి హాడ్లీ అను న్యాయవాది గాలులను గూర్చి యొక చిన్న వ్యాసము అదే పత్రికలో ప్రకటించెను. పేర్లు దగ్గరదగ్గరగా నుండుటచే వీరిద్దఱిని ఒకరుగా భ్రమపడువారు కలరు. భూమి తనచుట్టు తాను పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది. భూమధ్యరేఖకడ నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగమున పోవును. ముప్పదవ డిగ్రీకడ ఆ వేగము సుమారు 1,450 కిలోమీటర్లే. తక్కువ వేగముగల చోటినుండి ఎక్కువ వేగముగల చోటికి వచ్చిన గాలి, నేలతో సమముగా పరుగెత్తలేక వెనుకబడును. వెనుకబడిన గాలి నేలపైనున్నవారికి తూర్పునుండి వచ్చుచున్నట్లు తోచును. కావుననే ఉత్తరపు గాలి ఈశాన్యపు గాలియు, దక్షిణపు గాలి ఆగ్నేయపు గాలియు నగుచున్నవి. హేలీ విడిచిన సగము ఇది. హాడ్లీ లెక్కలోని కొఱతను పందొమ్మిదవ శతాబ్దమున కొరియోలిస్, ఫెరెల్ మున్నగువారు సవరించిరి. ముప్పది మొదలు అరువది డిగ్రీల వఱకు గాలి పడమటినుండి వీచుటకును భూభ్రమణము కారణమే. హిందూ మహాసముద్రమున దక్షిణపు ఆగ్నేయపవనము వేసవిలో భూమధ్యరేఖను దాటి, దిక్కు తిరిగి, నైరృతి ఋతుపవనమై జూను నెలలో మన దేశమున ప్రవేశించుచున్నది. తొలకరి వానలకు మూలము ఆ సుదూరపు గాలియే.

అయినను హాడ్లీ మాటను ఆనాడు పట్టించుకొన్నవారు అరుదు. హేలీ పేరు అంత గొప్పది! 1793లో జాన్ డాల్టను తానై ఇదే కారణమును ఊహించి, గ్రంథము అచ్చగుచుండగా, హాడ్లీ దీనిని పూర్వమే చెప్పియుండెనని తెలిసికొని, ఆ గౌరవమును అతనికే యిచ్చెను.

హేలీ 1742 జనవరిలో, ఎనుబదియైదవ యేట మరణించెను. 1758లో క్రిస్మసునాటి రాత్రి, జర్మనీలో డ్రెస్డెన్ సమీపమున పాలిచ్ అను రైతు, అతడు చెప్పిన తోకచుక్కను ఆకాశమున కనిపెట్టెను.

సెయింట్ హెలీనాలో హేలీ తడిసిన కాగితములతో రాత్రులు గడిపిన కొండకు నేడు అతని పేరే కలదు. ఓడలు తప్ప వేఱుగతి లేని ఆ ద్వీపమున ఒక విమానాశ్రయమును కట్టి, 2016లో సిద్ధపఱచిరి. విమానమును దింపి చూచినప్పుడు, సముద్రమునుండి వచ్చు ఆగ్నేయపు గాలి నిట్టనిలువు చరియలను తాకి, సుడులు తిరిగి, విమానమును కుదిపివేసెను. ఏ విమానము, ఏ విధముగా దిగిన అపాయము లేదో తేల్చుకొనుటకు ఏడాదికి పైగా పట్టెను. 2017 అక్టోబరులో గాని అచటికి క్రమముగా విమానములు పోవుట ఆరంభము కాలేదు.